ఇంటి గుట్టు, ఊరి లెక్క

2019 ఏప్రిలు 11వ తేదీన నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు పోలింగు జరిగినప్పుడు పోటీలో నిలిచినవారు 185 మంది. వారిలో 170 మందికి పైగా రైతులే. ఆర్మూరు, ఆలూరు, బాల్కొండ ప్రాంతముల పసుపు రైతులును, ఎర్రజొన్న రైతులును తమ పంటకు గిట్టుబాటు ధర లేదనియు, పసుపునకు ప్రత్యేకముగా ఒక బోర్డు కావలెననియు దేశమంతటికి వినబడునట్లు చెప్పుటకై ఆ మార్గమును ఎన్నుకొనిరి. ఇందరి పేర్లు పట్టుటకు ఒక్కొక్క పోలింగు కేంద్రములో పన్నెండేసి ఓటు యంత్రములను బారుగా అమర్చవలసి వచ్చెను. వారు కోరిన బోర్డు 2025 జనవరిలో నిజామాబాదు ప్రధాన కేంద్రముగా ప్రారంభమైనది.

ఇప్పుడు మేము ప్రస్తావింపదలచినది ఆ ఎన్నికను గురించి కాదు. ఆ రైతులు నామినేషనుతో పాటు దాఖలు చేసిన ప్రమాణ పత్రములను గురించి. భూమి ఎన్ని ఎకరములు, ఇంట బంగారము ఎన్ని తులములు, బ్యాంకులో అప్పు ఎంత, కోర్టులో కేసులేమైన ఉన్నవా — వియ్యంకునితో కూడ చెప్పుకొనని సంగతులన్నియు ఆ కాగితములలో వ్రాసి సంతకము చేయవలెను. సుప్రీంకోర్టు 2002లోను, 2003లోను ఇచ్చిన తీర్పుల ఫలితముగా ఏర్పడిన నియమమిది. ఎన్నికల సంఘము ఆ పత్రములను ఎల్లరు చూచునట్లు ప్రచురించును. ఇంటి గుట్టు లంకకు చేటని బాగుగా తెలిసిన కుటుంబములే, ఓటరునకు తెలిసికొను హక్కు కలదని ఒప్పుకొని, ఆ గుట్టును పదిమంది ముందు పెట్టినవి.

ఏది ఇంటి గుట్టు? ఏది ఊరి లెక్క? ఈ రెండింటికి నడుమ గట్టు ఎక్కడ వేయవలెను? 2023వ సంవత్సరములో పార్లమెంటు ఈ విషయమునకు సంబంధించిన రెండు చట్టములను చేసెను. ఒకటి డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము. ఆగస్టు 11వ తేదీన రాష్ట్రపతి ఆమోదము పొందినది. రెండవది పత్రికల, నియతకాలికల నమోదు చట్టము. ఆ సంవత్సరము డిసెంబరులో ఆమోదింపబడి, 2024 మార్చి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చినది. మొదటి చట్టములో పత్రిక అన్న మాటయే లేదు. అయినను పత్రికల నడకను ఎక్కువగా మార్చగలిగినది అదియే యని మా అభిప్రాయము.

రెండవ దానిని గురించి రెండు మాటలలో చెప్పవచ్చును. 1867 నాటి పాత చట్టము ప్రకారము, ఆర్మూరులో ఒక పక్షపత్రిక పెట్టదలచినవాడు జిల్లా మేజిస్ట్రేటు ఎదుట ప్రకటన దాఖలు చేసి, ఆ మీదట ఢిల్లీలోని రిజిస్ట్రారు వద్ద నమోదు చేయించుకొనవలసి ఉండెను. ఇప్పుడు ఆ పనియంతయు కంప్యూటరు ద్వారా ఒకే దరఖాస్తుతో జరుగును. చిన్న తప్పులకు జైలుశిక్ష తొలగి, జరిమానా మిగిలినది. ఉగ్రవాద నేరములలో శిక్ష పడినవారు పత్రిక నడుపరాదన్న నిషేధము కొత్తగా వచ్చినది. వ్రాయు వ్రాతను గురించి ఆ చట్టము చెప్పునది స్వల్పమే.

మొదటి చట్టము అట్టిది కాదు. అది పుట్టవలసిన అవసరము నిజముగా ఉన్నది. ఆ మాట ముందుగా చెప్పుట న్యాయము. 2014 ఆగస్టు 19వ తేదీన తెలంగాణ ప్రభుత్వము ఒక్క దినములో సమగ్ర కుటుంబ సర్వే జరిపించిన సంగతి శ్రోతలకు జ్ఞాపకముండును. బొంబాయి నుండి, దుబాయి నుండి కూడ జనులు ఊళ్ళకు తరలివచ్చిరి. 2024 నవంబరులో మరల ఇంటింటి సర్వే జరిగినది. కులము, చదువు, సంపాదన, అప్పు అన్నియు అడిగిరి. నిజామాబాదు మార్కెటు యార్డు 2016 ఏప్రిలులో ప్రారంభమైన జాతీయ వ్యవసాయ మార్కెటు పథకములో మొదటి విడతలోనే చేరినది గనుక, పసుపు కొమ్ము తెచ్చిన రైతు పేరు, ఊరు, ఫోను నంబరు, తూకము, పలికిన ధర అన్నియు కంప్యూటరులోనికి ఎక్కినవి. ఇన్ని వివరములు ఇన్నిచోట్ల చేరినప్పుడు కన్నము పడుటకు తావు లేకపోదు. 2019లో రెండు తెలుగు రాష్ట్రముల ఓటర్ల వివరములు ఒక ప్రయివేటు సంస్థ చేతికి చిక్కినవన్న ఆరోపణపై హైదరాబాదు ప్రాంతములో కేసు నమోదైనది. 2024లో తెలంగాణ పోలీసువారి ‘హాక్ ఐ’ అను ఫోను యాప్‌లోని ప్రజల వివరములే దొంగల పాలైనవి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేయని సుప్రీంకోర్టులోని తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి కేసులో ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. ఆ హక్కునకు చట్టరూపమిచ్చుటకు జరిగిన ప్రయత్నమే 2023 చట్టము. దాని సారమిది: మన వివరములు కంప్యూటరులో చేర్చుకొను సంస్థ ఏదైనను, ఎందుకు చేర్చుకొనుచున్నదో ముందుగా తెలిపి మన సమ్మతి పొందవలెను. ఆ నోటీసును ఆంగ్లములోనే కాక, రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనియందైనను చదువుకొను వీలు కల్పింపవలెను. కావున తెలుగులో చూపుడని అడుగు హక్కు మనకు కలదు. ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసికొనవచ్చును. తప్పులు దిద్దుమని, అక్కరతీరిన వివరములను తుడిచివేయుమని కోరవచ్చును. వివరములను భద్రపరుపజాలని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడును. 2025 నవంబరులో నిబంధనలు వెలువడినవి. ఫిర్యాదులు విచారించు బోర్డునకు సంబంధించిన భాగము అప్పుడే అమలులోనికి వచ్చినది. సమ్మతి మున్నగు ముఖ్య భాగములకు ఆ తేదీ నుండి 18 నెలల గడువు ఉంచిరి.

ఇక పత్రికల మాట. ఈ చట్టము కంప్యూటరులోనికి ఎక్కిన వివరములకే వర్తించును. విలేకరి తన జేబులోని కాగితపు పుస్తకములో పెన్సిలుతో వ్రాసికొన్నంత వరకు దీనికి వెలుపలివాడు. ఆ వ్రాతనే ఫోనులోనికి ఎక్కించిన క్షణమున లోపలివాడగును. నేడు ఆర్మూరులో కాని, అమెరికాలో కాని ఫోను లేకుండ వార్త పంపు విలేకరి ఎవడు?

ఒక ఉదాహరణము చూతము. ఎర్రజొన్న విత్తనము పండించిన రైతులకు రావలసిన బకాయిలపై 2008లో ఆర్మూరులో ఎంతటి ఆందోళన చెలరేగినదో ఈ ప్రాంతమువారు మరువలేదు. అటువంటి పరిస్థితి మరల వచ్చినదనుకొందము. ఒక వ్యాపారి ఏయే గ్రామములలో ఎందరు రైతులకు ఎంతెంత బాకీ పడినాడో, ఆ సొమ్ము ఎచటికి మరలినదో ఒక విలేకరి ఆరాతీసి, పట్టిక తయారు చేసినాడు. రైతులు సంతోషముగా సమ్మతింతురు. వ్యాపారి సమ్మతించునా? తన పేరు, తన ఖాతా, తన ఆస్తి — ఇవన్నియు అతని వ్యక్తిగత సమాచారమే గదా! చట్టములోని అక్షరమును పట్టుకొన్నచో, బాకీ ఎగవేసినవాని అనుమతి తీసికొని అతని ఎగవేతను గురించి వ్రాయవలసి వచ్చును. అతడు స్వయముగా బహిర్గతము చేసిన వివరములకు, చట్టరీత్యా బహిర్గతము కావలసిన వివరములకు మాత్రము మినహాయింపు కలదు. మొదట చెప్పిన ఎన్నికల ప్రమాణ పత్రములు అందువలననే ఈ చట్టపు వల వెలుపల నిలిచినవి. పోటీ చేసిన రైతు అప్పు ఎల్లరకును తెరచి ఉన్నది. పోటీ చేయని వ్యాపారి లెక్క మూసి ఉన్నది.

ఈ చిక్కు శాసనకర్తలకు తోచనిది కాదు. న్యాయమూర్తి బి. ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 2018 జూలైలో సమర్పించిన ముసాయిదాలో పత్రికా రచనకు మినహాయింపు స్పష్టముగా ఉండెను. 2019లో లోక్‌సభలో ప్రవేశపెట్టిన బిల్లులోను ఉండెను. ఆ బిల్లును 2022 ఆగస్టులో ఉపసంహరించి, కొత్తగా వ్రాసిన దానిలో అది మాయమైనది. పరిశోధనకు మినహాయింపు కలదు; పురాపత్రముల భద్రతకు, గణాంకములకు కలదు; ప్రభుత్వము కోరినచో తన సంస్థలకు ఇచ్చుకొనవచ్చును; కొత్తగా వెలసిన వ్యాపార సంస్థలకు సహితము ఇయ్యవచ్చును. వార్తాపత్రికకు లేదు. భారత ఎడిటర్ల సంఘము, అనగా ఎడిటర్స్ గిల్డ్, 2024లో కేంద్ర ప్రభుత్వమునకు లేఖ వ్రాసి ఈ లోపమును ఎత్తిచూపినది. 2025 నిబంధనలలోను దానికి జవాబు దొరకలేదు.

ఇంతకంటె గాఢమైన మార్పు మరియొకటి ఈ చట్టపు చివర, 44వ సెక్షనులో, అంతగా కంటికి ఆనని చోట ఉన్నది. అది సమాచార హక్కు చట్టమును సవరించినది. 2005 చట్టములో ఒక నియమముండెను: ప్రజా వ్యవహారముతో సంబంధము లేని వ్యక్తిగత సమాచారమును అధికారి నిరాకరింపవచ్చును, కాని విస్తృత ప్రజాప్రయోజనము ఉన్నచో ఇయ్యవలెను. పార్లమెంటునకో, శాసనసభకో నిరాకరింపరాని సమాచారమును పౌరునకును నిరాకరింపరాదని దానికి ఒక ముక్తాయింపు కూడ ఉండెను. సవరణలో ఈ తూకమంతయు పోయినది. ‘వ్యక్తిగత సమాచారమునకు సంబంధించినది’ అన్న మాట ఒక్కటే నిలిచినది. ఈ సవరణ 18 నెలలు ఆగలేదు. 2025 నవంబరులోనే అమలులోనికి వచ్చినది.

దాని బరువు తెలియవలెనన్నచో మన గ్రామములలో జరిగిన సామాజిక తనిఖీని తలచుకొనవలెను. 2005 నాటి ఉపాధి హామీ చట్టము కింద సామాజిక తనిఖీని ఒక పద్ధతిగా నెలకొల్పి దేశమునకు దారి చూపినది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే. ఆ చట్టము స్థానమున 2025 డిసెంబరులో వేరొకటి వచ్చినది. కాని దాదాపు ఇరువది సంవత్సరములు నడచిన ఆ పద్ధతిని మనవారు మరువరు. గ్రామసభలో నిలువబడి, ఫలానా వారు ఇన్ని దినములు పనిచేసిరి, ఇంత కూలి ముట్టినది అని పేరు పేరున చదువుదురు. ‘మా నాయన చనిపోయి మూడేండ్లయినది, ఆయన పని చేసినట్లు వ్రాసినారేమి?’ అని వెనుక వరుసలో ఎవరో లేతురు. మస్టరు రోలులో దాగిన దొంగతనము బయటపడినది ఆ పేరు వలననే. పేరు తీసివేసి ‘50 మంది కూలీలు’ అని చదివినచో ఎవరును లేవరు. రేషను కార్డుల జాబితాకైనను, రుణమాఫీ జాబితాకైనను, తుపాను నష్టపరిహారమునకైనను ఇదే సూత్రము.

ఇందులో మాకు తోచు అన్యాయమొకటి ఉన్నది. పేదవాని వివరము గోడ మీద వ్రాయబడును. ఇల్లు కావలెనన్నను, బియ్యము కావలెనన్నను అతడు తన గుట్టు విప్పక తప్పదు. ఆ గోడ మీది జాబితాను తయారు చేసిన అధికారి ఆస్తి, అతనిపై జరిగిన విచారణ నివేదిక — ఇవి ‘వ్యక్తిగతము’ లగును. గోప్యత అనునది బలహీనునకు కంచె కావలసినది. బలవంతునకు కోట కారాదు.

ప్రభుత్వము వారి సమాధానమును కూడ వినవలెను. సమాచార హక్కు చట్టములోనే 8వ సెక్షను రెండవ ఉపవిభాగము అట్లే ఉన్నదనియు, కలుగు హాని కంటె ప్రజాప్రయోజనము మిన్న యైనచో ఏ సమాచారమునైనను వెల్లడింపవచ్చుననియు వారు చెప్పుచున్నారు. మాట నిజమే. ఐతే, ఆ ఉపవిభాగము అధికారికి ఇచ్చునది ‘ఇయ్యవచ్చును’ అన్న వెసులుబాటు. మండల కార్యాలయములో కూర్చున్న సమాచార అధికారి ఇచ్చినచో పై అధికారి కోపమునకు గురియగునేమో; ఇయ్యకున్నచో, ఇది వ్యక్తిగతము అని ఒక పంక్తి వ్రాసిన చాలును. ఈ రెండింటిలో ఏది సులభమో వేరుగా చెప్పనక్కరలేదు.

పత్రికల వారి పక్షమున ఇంత చెప్పినంత మాత్రమున వారు ఎప్పుడును గీటు దాటరని కాదు. అప్పుల బాధతో రైతు ప్రాణము తీసికొన్న ఇంటికి కెమెరాలు ఎట్లు పరుగెత్తునో చూచితిమి. శవము లేవక ముందే భార్యను కూర్చుండబెట్టి, అప్పు ఎంత, ఇచ్చినవారెవరు అని అడుగుట, ఆడపిల్లల ముఖములు చూపుట — వీనిని వార్త యనుట ఎట్లు? ఆ కుటుంబమునకు పరిహారము అందినదా లేదా యని పేరుతో సహా వ్రాయుట వార్త. ఆత్మహత్యల వార్తలపై ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శక సూత్రములు ప్రకటించినది. మానసిక చికిత్స పొందువారి ఫొటోలను, వివరములను వారి సమ్మతి లేక పత్రికలకు ఇయ్యరాదని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. గట్టు వేయుట అసాధ్యము కాదని ఇవి నిరూపించుచున్నవి.

ప్రెస్ కౌన్సిల్ మాట వచ్చినది గనుక ఒక పోలిక. 1966లో మొదట ఏర్పడి, ఎమర్జెన్సీ కాలమున రద్దయి, 1978 చట్టముతో పునరుద్ధరింపబడిన ఆ సంస్థ పత్రికను హెచ్చరింపగలదు, మందలింపగలదు, అభిశంసింపగలదు. ఒక్క రూపాయి జరిమానా వేయజాలదు. కోరలు లేవని దానిని ఎగతాళి చేయువారు కలరు. కాని ఆ చట్టపు 15వ సెక్షనులో ఒక మంచి మాట ఉన్నది: వార్త ఎవరి వలన తెలిసినదో చెప్పుమని పత్రికను గాని, విలేకరిని గాని కౌన్సిల్ నిర్బంధింపరాదు. 2023 సమాచార చట్టపు 36వ సెక్షనులో అట్టి రక్షణ కానరాదు. దాని కింద కేంద్ర ప్రభుత్వము, దేశ భద్రత మున్నగు కారణములకై, ఎవరి వద్ద నున్న సమాచారమునైనను తెప్పించుకొనవచ్చును. మార్కెటు యార్డులో తూకపు మోసము జరుగుచున్నదని రహస్యముగా చెప్పిన హమాలీ, తన పేరు విలేకరి ఫోనులో భద్రముగా ఉండునన్న నమ్మకముతో చెప్పును. ఆ నమ్మకము సడలినచో మరునాడు నోరు విప్పడు. ఇతర ఉల్లంఘనలకు వేయదగిన జరిమానాయే 50 కోట్ల వరకు ఉన్నది. నాలుగు పుటల వారపత్రిక ఆ అంకె విన్నంతనే కలము మూయును.

కేసుల భయమును ప్రయోగించుట తెలుగు పత్రికలకు కొత్త కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము, అసత్య వార్తలపై కేసులు వేయు అధికారమును ప్రభుత్వ శాఖకు ఇచ్చుచు 938వ నంబరు ఉత్తరువు చేసి, నిరసన రాగా పక్కన పెట్టెను. 2019 అక్టోబరు 30న విభజిత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2430వ నంబరు ఉత్తరువుతో ఆ అధికారమును శాఖల కార్యదర్శులందరికిని విస్తరించెను. ఇటు హైదరాబాదు గడ్డపై, విలీనమును సమర్థించి వ్రాసినందులకు ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ 1948 ఆగస్టులో నడివీధిలో ప్రాణములు కోల్పోయెను. ఈ ప్రాంతమునకు పత్రిక విలువ పుస్తకములు చదివి తెలిసికొనవలసినది కాదు.

ఇతర దేశములు ఏమి చేసినవో చూచిన, ఐరోపా వారి సమాచార సంరక్షణ నియమములు 2018 మే నెలలో అమలులోనికి వచ్చినవి. వానిలో 85వ అధికరణము, గోప్యతకును భావప్రకటన స్వేచ్ఛకును పొత్తు కుదుర్చుమని సభ్య దేశములను ఆదేశించుచున్నది. బ్రిటనులో ఫోనులలోని సందేశములను దొంగతనముగా విని వార్తలు వ్రాసిన పత్రికల బాగోతము 2011లో బయటపడి, ఒక పెద్ద వారపత్రిక మూతపడెను. న్యాయమూర్తి లెవెసన్ విచారణ జరిపి 2012లో నివేదిక సమర్పించెను. గుర్తింపు పొందిన నియంత్రణ సంస్థలో చేరని పత్రిక, గెలిచినను ఓడినను ఎదుటివారి కోర్టు ఖర్చులు భరింపవలసి వచ్చునట్లు 2013లో ఒక సెక్షను చేసిరి. పదేండ్లకు పైగా దానిని అమలు చేయక, 2024లో రద్దు చేసిరి. అంతటి అపరాధము జరిగిన దేశమున కూడ, 2018 నాటి సమాచార చట్టములో పత్రికా రచనకు మినహాయింపు ఉంచిరి. ప్రచురణ ప్రజాప్రయోజనమునకై యని పత్రిక సహేతుకముగా నమ్మి ఉండవలెనన్నది అందులోని షరతు. మనకును అటువంటి షరతుతో కూడిన మినహాయింపు చాలును. పత్రికలకు పగ్గములు లేని స్వేచ్ఛ కావలెనని మేము కోరుట లేదు.

ఈ చట్టము మా వంటి ప్రసారకులను కూడ తాకును. కోరిన పాటల కార్యక్రమమునకు ఉత్తరము వ్రాయు శ్రోత తన పేరు, ఊరు, ఇంటిల్లిపాది పేర్లు సంతోషముగా పంపును. ఒక్క పేరు తప్పిపోయినచో నిష్ఠూరమాడును. తానై ఇచ్చిన వివరమును, ఇచ్చిన పనికే వాడినంత కాలము చట్టము అడ్డు చెప్పదు. కావున మా అప్పారావులకు, సీతమ్మలకు భయము లేదు. వ్యవసాయ కార్యక్రమములో పసుపు రైతు తన దిగుబడిని తానే చెప్పుకొనుటయు అంతే. నాసిరకపు విత్తనము అమ్మినవాని పేరు ఆ రైతే మైకు ముందు చెప్పినచో ఏమి చేయవలెను? ఇంతవరకు మేము నిజానిజములు విచారించి, ఎదుటివాని వాదమును కూడ అడిగి, ప్రసారము చేయదగినదో కాదో నిర్ణయించుకొనెడివారము. ఇకమీద అతని అనుమతి పత్రము కూడ కావలయునేమో!

చట్టములోని 17వ సెక్షను అయిదవ ఉపవిభాగము ఇచట జ్ఞాపకము చేసికొనదగినది. చట్టము అమలులోనికి వచ్చిన నాటి నుండి 5 సంవత్సరములలోగా, ఏ నియమమునైనను ఏ వర్గమువారికైనను కొంతకాలము వర్తింపకుండ చేయు అధికారమును అది కేంద్ర ప్రభుత్వమునకు ఇచ్చుచున్నది. పత్రికా రచనకు శాశ్వతమైన మినహాయింపు కావలెనన్నచో పార్లమెంటే చట్టమును సవరింపవలెను. అంతవరకు తాత్కాలికముగా ఒక దారి తెరచుటకు కొత్త బిల్లు అక్కరలేదు. ఢిల్లీలో ఒక గెజెటు ప్రకటన వెలువడినచో ఆర్మూరు విలేకరి ఫోనులోని పట్టిక అచ్చునకు పోవచ్చును.